నెలన్నర కరెంటా, ఒక్క పూట లేజరా?

మా బావ గొంతు మిర్చి ఘాటుకే పోయిందని మేమంతా ఏడు నెలలు నమ్మాం. నమ్మడానికి కారణమూ ఉంది. ఆయన వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమస్తా. మిర్చి సీజన్‌లో ఆ యార్డులో అడుగుపెట్టిన కొత్తవాడికి ముందు తుమ్ములు, వెనకాలే దగ్గు, ఆ తర్వాత కళ్ల నీళ్లు. అక్కడే ముప్పై ఏళ్లుగా పొద్దంతా తిరిగే మనిషికి గొంతు జీరగా ఉంటే ఎవరికీ వింత అనిపించదు. జెండా పాట, అంటే పొద్దున ధర తేల్చే వేలం, అయిన దగ్గర్నుంచి సాయంత్రం కాంటాలు ముగిసేదాకా హమాలీలను, రైతులను, ఖరీదుదారులను కేకలేసి పిలవడమే ఆయన పని. "అరిచీ అరిచీ పోయింది, సీజన్ అయిపోతే అదే వస్తది" అనేవాడు.

2017 ఫిబ్రవరిలో బొంగురుపోయిన గొంతు మే నెలలో యార్డు ఖాళీ అయినా తిరిగి రాలేదు. జూన్‌లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక కోర్సు మాత్రలు, జులైలో ఇంకో కోర్సు. అక్క మిరియాల కషాయం కాచింది, కరక్కాయ ముక్క బుగ్గన పెట్టించింది. నేనేం చేశాను? హనుమకొండలో జూనియర్ కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్ని, నాలుగు పుస్తకాలు చదివినవాణ్ని. ఫోన్లో ఆ గొంతు విని "ఏంది బావా, విలన్ లెక్క మాట్లాడుతున్నవ్" అని నవ్వాను. ఆ నవ్వుకు నాకు ఇప్పటికీ సిగ్గే.

చివరికి మేనకోడలు పట్టుబట్టి ఈఎన్‌టీ డాక్టరు దగ్గరకు లాక్కుపోయింది. ముక్కులోంచి సన్నటి కెమెరా పైపు పెట్టి చూడటానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదట. తెర మీద మాట పలికించే రెండు తెల్లటి స్వరతంత్రులు. కుడివైపు దాని మీద బియ్యపు నూకంత గరుకు మచ్చ. మత్తు ఇచ్చి ముక్క తీశారు. ముక్క పరీక్షలో క్యాన్సర్ అని వచ్చింది. బతుకమ్మ పూలు కోసుకొచ్చే రోజుల్లో ఆ కాగితం మా ఇంటికి వచ్చింది.

స్కానింగ్ చూసి డాక్టరు చెప్పిన మాట మాత్రం మాకు వెంటనే అర్థం కాలేదు. "మీరు అదృష్టవంతులు" అన్నాడాయన. క్యాన్సర్ కాగితం చేతిలో ఉన్నవాడితో అనే మాటేనా అది? తర్వాత తెలిసింది, నిజంగానే అదృష్టం. మనం గొంతు క్యాన్సర్ అని ఒక్క పేరుతో పిలిచేది ఒక్క జబ్బు కాదు. నాలుక మొదట్లో వచ్చేది వేరు, అన్నం దిగే దారి మొదట్లో వచ్చేది వేరు, స్వరతంత్రి మీద వచ్చేది వేరు. మిగతావి చాలాకాలం నోరు మెదపవు. మెడ పక్కన గడ్డ తేలాకో, ముద్ద దిగనప్పుడో బయటపడతాయి. స్వరతంత్రి మీద వచ్చింది మాత్రం మొదటి రోజుల్లోనే చాటింపు వేస్తుంది. సెకనుకు వందకు పైగా సార్లు కంపించే చోట నూకంత మచ్చ వచ్చినా గొంతు మారిపోతుంది. పైగా జబ్బు పాకడానికి దారయ్యే లింఫు నాళాలు ఆ తంత్రిలో చాలా తక్కువ కాబట్టి అక్కడి క్యాన్సర్ తొందరగా మెడలోని గ్రంథులకు పాకదు. ఏడు నెలలు మేం చెవిలో దూది పెట్టుకుని కూర్చున్నా బావకు జబ్బు మొదటి దశలోనే, అదీ ఒక్క తంత్రి మీదే ఉంది. ఇది మా తెలివి కాదు.

హైదరాబాదుకు రాశారు. అక్కడ ఇద్దరు డాక్టర్లు రెండు దారులు చెప్పారు. ఒకాయన కరెంటు అన్నాడు. మన దగ్గర రేడియేషన్‌ను కరెంటు పెట్టడం అంటారు కదా, అదే. ముప్పై మూడు సిట్టింగులు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొకటి, శని ఆదివారాలు సెలవు. అంటే ఆరున్నర వారాలు. ఇంకొకాయన లేజర్ అన్నాడు. నోట్లోంచే గొట్టం దించి, మచ్చ వరకు తీసేయడం. బయట కోత లేదు, మెడకు రంధ్రం లేదు, మర్నాడో ఎల్లుండో ఇంటికి. "ఏదైతే మంచిది సార్?" అని అడిగితే ఇద్దరూ ఒకటే చెప్పారు. ఈ దశలో రెండింటిలో దేనితోనైనా పదిమందిలో తొమ్మిదిమందికి నయమవుతుంది.

డాక్టర్లకు ఇది సుఖమైన జవాబు. ఇంట్లోవాళ్లకు ఇంతకంటే కష్టమైన జవాబు లేదు. ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అంటే నిర్ణయం వాళ్లదే. రెండూ సమానం అన్నారంటే నిర్ణయం మన నెత్తిన పడ్డట్టే.

దసరా నాడు జమ్మి ఇచ్చి పుచ్చుకున్నాక అందరం అక్క ఇంట్లోనే కూర్చున్నాం. అక్కది ఒకటే మాట: "కత్తి తగిల్తే పాకుతది. మా అత్తకు అట్లనే అయింది. కరెంటే పెట్టియ్యుండ్రి." ఈ భయం మన ఊళ్లలో ప్రతి ఇంట్లో ఉంది. కోత పెట్టినందుకు పాకడం కాదు, చాలామందికి కోత పెట్టే నాటికే అది పాకి ఉంటుంది. ఆ ముసలమ్మ విషయంలోనూ అదే జరిగి ఉంటుంది. కానీ ఆ రాత్రి నేను అలా చెప్పలేదు. ఇంకో దారి తొక్కాను. "అక్కా, లేజర్ అంటే కత్తి కాదు, లైటు. లైటుతోనే తీసేస్తరు. కోతే ఉండదు" అన్నాను.

ఇరవై ఏళ్లుగా పిల్లలకు లేజర్ పాఠం చెబుతున్నవాణ్ని కదా, నా మాటకు ఇంట్లో విలువ ఉంది. ఒకసారి అక్క "లేజర్ అంటే ఏంది?" అని అడిగితే దాని పూర్తి పేరు చెప్పబోయి చివర్లో రేడియేషన్ అనేసరికి "అంటే గదీ కరెంటేనా?" అంది. అంత పదునైన ప్రశ్న మా సెకండియర్ పిల్లలు ఎన్నడూ అడగలేదు. ఆ పేరులోని రేడియేషన్‌కు, కరెంటు యంత్రం ఇచ్చే రేడియేషన్‌కు పేరొక్కటే పోలిక. కరెంటు యంత్రంలోంచి వచ్చేవి ఎక్స్‌రేలు. కణం లోపలికి పోయి దాని డీఎన్‌ఏను దెబ్బతీసి నెమ్మదిగా చంపుతాయి. లేజర్ చేసేది అది కాదు. అది కాలుస్తుంది.

ఇప్పుడు చెబుతున్నాను, ఆ రాత్రి నేను చెప్పింది సగం అబద్ధం. లేజర్ కోతే. గొంతు ఆపరేషన్లలో ఎక్కువగా వాడేది కార్బన్ డై ఆక్సైడ్ లేజర్. 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో దాన్ని కనిపెట్టింది మనవాడే, మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. దాని తరంగదైర్ఘ్యం 10.6 మైక్రోమీటర్లు. మన కంటికి ఆనే ఎర్ర రంగుకు దాదాపు పదహారు రెట్లు. అంటే ఆ లైటు అసలు కనపడదు! ఎక్కడ తగులుతుందో సర్జన్‌కు తెలియడానికి పక్కనే ఇంకో చిన్న ఎర్రటి కిరణాన్ని గురిచూపుగా పంపిస్తారు. ఈ కిరణాన్ని నీరు గటగటా తాగేస్తుంది. మన కణాల్లో ఎక్కువ భాగం నీరే కాబట్టి తగిలిన చోట కణం ఉడికి ఆవిరైపోతుంది, దాని వేడి లోపలికి పెద్దగా దిగదు. సన్నటి రక్తనాళాలు అక్కడికక్కడే మూసుకుపోతాయి కాబట్టి రక్తం తక్కువ. 1970ల మొదట్లో బోస్టన్‌లో స్ట్రాంగ్, జాకో అనే ఇద్దరు దీన్ని మైక్రోస్కోపుకు తగిలించి స్వరపేటిక మీద వాడటం మొదలుపెట్టారు. ఆ తర్వాత జర్మనీలో వోల్ఫ్‌గాంగ్ స్టైనర్ పెద్ద గడ్డల మీద కూడా దీన్ని చేసి చూపించాడు. గడ్డను గడ్డగానే తీయాలన్న పాత నియమాన్ని పక్కనపెట్టి, గడ్డ మధ్యలోంచే కోసి అది ఎంత లోతుందో కళ్లారా చూసుకుంటూ ముక్కలుగా తీయడం ఆయన పద్ధతి. అక్క వింటే గుండె ఆగిపోయేది.

ఆపరేషన్ థియేటర్‌లో జరిగేది వింటే "లైటు" అన్న మాటలోని మెత్తదనమంతా పోతుంది. మనిషికి పూర్తి మత్తు ఇస్తారు. తల వెనక్కి వంచి, పళ్లకు తొడుగు వేసి, నోట్లోంచి స్వరపేటిక దాకా తిన్నటి స్టీలు గొట్టం దించి అది కదలకుండా స్టాండుకు బిగిస్తారు. దూరంగా మైక్రోస్కోపు దగ్గర కూర్చున్న సర్జన్ చిన్న పుల్లలాంటి మీటతో కిరణాన్ని నడుపుతాడు. అందరికీ కళ్లద్దాలు, పేషెంటు కళ్ల మీద తడి గుడ్డలు. అన్నింటికంటే పెద్ద భయం నిప్పు. శ్వాస కోసం పెట్టిన గొట్టం, అందులో ఆక్సిజన్, పక్కనే కాల్చే కిరణం. ఆ మూడూ కలిస్తే గొంతులోనే మంట లేస్తుంది. అందుకే లేజర్ తట్టుకునే ప్రత్యేక గొట్టం వాడతారు, దాని చివర ఉబ్బే బుడగలో గాలికి బదులు నీళ్లు నింపుతారు, చుట్టూ తడి దూది పెడతారు, ఆక్సిజన్ పాళ్లు తగ్గిస్తారు. యంత్రం ఉంటే సరిపోదు. దాని చుట్టూ ఇంత జాగ్రత్త తెలిసిన మత్తు డాక్టరూ ఉండాలి. "లేజర్ ఉంది" అని బోర్డు పెట్టిన ప్రతిచోటా అడగాల్సిన ప్రశ్న యంత్రం ఏ కంపెనీది అని కాదు, ఇలాంటివి నెలకు ఎన్ని చేస్తారు అని.

సరే, అబద్ధం చెప్పాను గానీ ఆ రాత్రి నిర్ణయం నా మాట మీద జరగలేదు. బావే తేల్చాడు. అంతసేపూ గోడకు ఆనుకుని కూర్చున్నాడు, వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "ముప్పై మూడు సిట్టింగులు. శని ఐతారాలు కలిపితే నెలన్నర. ఇప్పుడు పోతే దీపావళి అవతల గానీ రాను. అప్పటికి పత్తి మొత్తం దిగుతది. సేటు నా జాగల ఇంకొకన్ని పెట్టుకుంటడు. లేజరే పెట్టియ్యుండ్రి" అన్నాడు.

నేను ఈ వ్యాసం రాస్తున్నది ఈ లెక్క కోసమే. నయమయ్యే అవకాశం రెండింటికీ సమానమైనప్పుడు ఏది ఎంచుకోవాలో తేల్చేది రోజుల లెక్క అయితే అందులో తప్పేముంది? డాక్టర్ల చర్చల్లో ఈ లెక్క "ఇతర అంశాలు" అన్న గంపలో పడిపోతుంది. మొదటిది నయం కావడం, రెండోది గొంతు నాణ్యత, మూడోది ఖర్చు, ఆ తర్వాత ఎప్పుడో పేషెంటు సౌకర్యం. సౌకర్యమట! కాటారం అవతలి ఊరి నుంచో, ఏటూరునాగారం నుంచో వచ్చే మనిషికి హైదరాబాదులో నెలన్నర అంటే సౌకర్యం కాదు, ఆ ఏడాది పంట. తోడుగా ఇంకో మనిషి ఉండాలి, అంటే రెండు కూలీలు పోయినట్టు. ఆసుపత్రి దగ్గర గదికి కిరాయి. ఇంటి దగ్గర పశువులు ఎవరు చూడాలి? ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పటి నుంచి మన దగ్గర ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది, 2023 డిసెంబర్‌లో పరిమితి పది లక్షలకు పెంచారు కూడా. కాదనను. అది ఆసుపత్రి బిల్లుకు. పోయిన కూలికి, చేజారిన సీజన్‌కు బిల్లు రాసేవాడు లేడు. సగం సిట్టింగులు పెట్టించుకుని ఇంటికి వచ్చేసిన మనిషిని నాకు తెలుసు, మా కాలేజీ అటెండరు వాళ్ల అన్న. నొప్పి భరించలేక కాదు. వరి కోతలొచ్చాయి. రేడియేషన్‌కు మధ్యలో విరామం వస్తే దాని బలం తగ్గుతుంది, మిగిలిన కణాలు మళ్లీ పెరిగే వీలు దొరుకుతుంది. పుస్తకంలో పదికి తొమ్మిది అని రాసిన చికిత్స ఆయనకు పదికి తొమ్మిది కాదు. ఎందుకంటే ఆ లెక్క ముప్పై మూడూ పూర్తి చేసినవాళ్లది.

ఇంకో సంగతి బావకు అప్పుడు తెలియదు, నాకూ తర్వాతే తెలిసింది. కరెంటు అనేది పేకాటలో జోకర్ లాంటిది, మొదటే దించేస్తే తర్వాత చేతిలో ఉండదు. ఒకసారి పూర్తి మోతాదు పెట్టిన చోట మళ్లీ పెట్టడం చాలా కష్టం. జబ్బు తిరగబడితే చాలాసార్లు స్వరపేటిక మొత్తం తీసేయాల్సి వస్తుంది. లేజర్‌తో మొదలుపెడితే తిరగబడినా మళ్లీ లేజర్ చేయవచ్చు, కరెంటు ఎలాగూ చేతిలో ఉంటుంది. మొదటి దశలో లేజర్ చేయించుకున్నవాళ్లలో చివరికి స్వరపేటిక నిలిచే అవకాశం ఎక్కువని చాలా అధ్యయనాలు చూపించింది ఇందుకే.

ఇక్కడితో ఆపేస్తే ఇది లేజర్‌కు ప్రకటన అవుతుంది. ఆ రాత్రి నేను చేసిన తప్పే మళ్లీ చేసినట్టు.

బావకు ఒక్క పూటలో అయిపోలేదు. ఆపరేషన్ బాగానే అయింది, రెండో రోజు సాయంత్రం కాజీపేటలో దిగాం. పది రోజులకు ల్యాబు రిపోర్టు వచ్చింది: ఒకవైపు అంచు అనుమానం. లేజర్ కాల్చిన అంచు నల్లగా మాడి ఉంటుంది, తీసిన ముక్క గోరంత కూడా ఉండదు. జబ్బు అంచు దాకా ఉందా, లోపలే ఆగిందా అన్నది సూక్ష్మదర్శిని కింద తేల్చడం ఒక్కోసారి కష్టమవుతుంది. ఆరు వారాల తర్వాత మళ్లీ మత్తిచ్చి చూసి, అనుమానం ఉన్న చోట ఇంకాస్త తీశారు. అది శుభ్రంగా వచ్చింది. కానీ ఆ ఆరు వారాలు మా ఇంట్లో ఉన్న టెన్షన్ చెప్పతరం కాదు. అక్క నాతో సరిగ్గా మాట్లాడలేదు. "లైటు అంటివి గదరా" అని ఒక్కసారే అంది. చాలు కదా.

ఆ తర్వాత చెకింగులు. మొదటి ఏడాది నెలకో, రెండు నెలలకో. ఇది కరెంటుకైనా తప్పదు. కానీ కరెంటు పెట్టించుకున్నవాడికి నెలన్నర మంట గుర్తుంటుంది. మెడ నల్లబడటం, గొంతు ఎండిపోవడం, ముద్ద దిగకపోవడం అన్నీ గుర్తుంటాయి కాబట్టి వెళతాడు. రెండు రోజుల్లో ఇంటికొచ్చినవాడు తనకు జబ్బే రాలేదనుకుంటాడు. బావ మూడో చెకింగు ఎగ్గొట్టాడు, మిర్చి వచ్చిందని. నేను యార్డుకు వెళ్లి సేటు ముందే గొడవ చేసి తీసుకుపోయాను. అంత గొడవ చేసే మనిషి ఇంట్లో లేకపోతే ఆ పేషెంటుకు లేజర్ చెప్పే ముందు డాక్టరు రెండుసార్లు ఆలోచించాలనే అంటాను. రోజుల లెక్కలో ఈ రోజులు కూడా కలపాలి. తక్కువ రోజులే, కాకపోతే అయిదేళ్ల మీద చల్లి ఉంటాయి.

గొంతు సంగతి. పై పొరతో ఆగిన మచ్చకైతే లేజర్ తర్వాత వచ్చే గొంతుకు, కరెంటు తర్వాత వచ్చే గొంతుకు పెద్ద తేడా ఉండదు. లోతుకు, కండరం దాకా కోయాల్సి వస్తే మాత్రం అక్కడ గుంట పడుతుంది, రెండు తంత్రులు పూర్తిగా కలవవు, మధ్యలోంచి గాలి పోతుంది. బావకు రెండోసారి తీసినది కాస్త లోతుకే పోయింది. ఇప్పుడాయన మాటలో సగం మాట, సగం గాలి. ఇంట్లో మాట్లాడితే తెలియదు. యార్డులో నాలుగు దుకాణాల అవతలి హమాలీని పిలవాలంటే కాదు. ఏ సీజన్ కోసం లేజర్ ఎంచుకున్నాడో, ఆ సీజన్‌లో చేసే పనికి కావలసిన కేకే పోయింది. సేటు మంచివాడు కాబట్టి లోపల కూర్చోబెట్టి చిట్టా రాసే పని ఇచ్చాడు. మన ప్రాంతంలో గొంతుతో బతికేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒగ్గు కథ చెప్పేవాళ్లు, బడి పంతుళ్లు, బస్టాండులో పండ్లమ్మేవాళ్లు. రేపు ఒక ఒగ్గు కళాకారుడు నన్ను అడిగితే, మచ్చ ఎంత లోతుందో ముందు తేల్చుకొమ్మంటాను. లోతుంటే నెలన్నర పోతే పోనీ, కరెంటే పెట్టించుకొమ్మంటాను. ఆయన రోజుల లెక్క మా బావ లెక్క కాదు.

రెండు తంత్రులు ముందువైపు కలిసే మూల దాకా జబ్బు పాకినా లేజర్ ఇబ్బందే, అక్కడికి గొట్టంలోంచి చూపు సరిగ్గా ఆనదు. మెడ వెనక్కి వంగనివాళ్లకూ అంతే. ఇక నోరు తెరుచుకోనివాళ్లు. హైదరాబాదులో మా పక్క బల్ల మీద ఒక కుర్రాడు కూర్చునేవాడు, ముప్పై ఏళ్లు కూడా ఉండవు. గుట్కా తిని తిని నోటి లోపలి చర్మం తోలులా బిగుసుకుపోయింది. నోట్లో మన వేళ్లు నిలువుగా మూడు పట్టాలి, అతనికి ఒక్కటి కష్టం మీద పడుతోంది. అలాంటి నోట్లోకి స్టీలు గొట్టం ఎక్కడ పోతుంది? మన దగ్గర గుట్కా నిషేధమే, ఏ పాన్ డబ్బాలో అడిగినా దొరికే నిషేధం. అది జబ్బును తెస్తుందని అందరికీ తెలుసు. జబ్బు వచ్చాక చికిత్సల్లో ఒకదాన్ని ముందే కొట్టేస్తుందని ఆ కుర్రాణ్ని చూసేదాకా నాకు తెలియదు.

బావది గుట్కా కాదు, బీడీ. పదహారో ఏట మొదలుపెట్టాడు, రోజుకు కట్ట. ఇక్కడ నేను గట్టిగా మాట్లాడలేను. మాది కోరుట్ల వైపు. మా అమ్మ బీడీలు చుట్టింది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. ఆ వెయ్యి పూర్తి కావడానికి పొద్దుటి నుంచి దీపాలు పెట్టేదాకా వంచిన తల ఎత్తేది కాదు. నా ఇంటర్ ఫీజు, అక్క పెళ్లి ఖర్చులో సగం ఆ చాటలోంచే వచ్చాయి. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఏ వాడకు పోయినా ఇదే కథ. ఆ బీడీ సిగరెట్ కంటే మెత్తనిదని మన నమ్మకం, ఆకే కదా అని. నిజానికి అది ఊరికే ఆరిపోతుంది కాబట్టి మాటిమాటికీ గట్టిగా పీల్చాలి. లోపలికి పోయే తారు సిగరెట్ కంటే ఎక్కువే. దానికి మందు తోడైతే గొంతుకు ప్రమాదం రెండూ కూడినంత కాదు, అంతకు మించి పెరుగుతుంది. ఆపరేషన్ తర్వాత బావ బీడీ మానేశాడు. అమ్మకు ఈ సంగతి చెప్పినప్పుడు "మంచిది బిడ్డా" అని కాసేపు తన వేళ్ల వైపు చూసుకుంది.

ఆలస్యం మన ఒక్కరి రోగం కాదు. 1887 మొదట్లో జర్మనీ యువరాజు ఫ్రెడరిక్‌కు గొంతు బొంగురుపోయింది. బెర్లిన్‌లో మిర్చి యార్డు లేదు, నింద వేయడానికి జలుబు దొరికింది. తీసిన ముక్కల్లో క్యాన్సర్ కనపడలేదని పెద్ద పెద్ద డాక్టర్లు వాదించుకుంటూ ఉండగానే కాలం దాటిపోయింది. మరుసటి ఏడాది గొంతుకు రంధ్రంతో, నోట మాట లేకుండా చక్రవర్తి అయి, 99 రోజులు ఏలి, 1888 జూన్ 15న పోయాడు. మనకున్న సుఖం ఆయనకు లేదు. ముక్కులోంచి రెండు నిమిషాల్లో చూసే కెమెరా లేదు, ఈ లేజరూ లేదు, కరెంటూ లేదు. అన్నీ ఉండి మనం మాత్రం మాత్రలు మింగుతూ కూర్చుంటున్నాం. మూడు నాలుగు వారాలు దాటి గొంతు బొంగురుగా ఉంటే, ముఖ్యంగా పొగతాగే అలవాటు ఉంటే, ఈఎన్‌టీకి చూపించుకోవాలన్నది డాక్టర్లందరూ ఒప్పుకునే మాట. జబ్బు మొదటి దశలో దొరికితేనే లేజరా కరెంటా అని వాదించుకునే భాగ్యం ఉంటుంది.

ఆ దశ దాటితే వేరే లెక్కలు. తంత్రి కదలడం ఆగిపోయి, గడ్డ చుట్టుపక్కలకు పాకితే లేజర్‌కు మిగిలేది చాలాసార్లు ఊపిరి ఆడటానికి దారి చేసే పని. ఒకప్పుడు అలాంటివాళ్లకు స్వరపేటిక మొత్తం తీసేయడమే దారి. 1991లో అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులు 332 మంది మీద ఒక అధ్యయనం చేశాయి. ముందు మందులు, తర్వాత కరెంటు ఇస్తే ఆయుష్షు తగ్గకుండానే మూడింట రెండు వంతుల మందికి స్వరపేటిక నిలిచింది. అదొక పెద్ద మలుపు. మిగిలిన ఆ ఒక వంతుకు మెడ కింద రంధ్రమే ముక్కు. మాట్లాడటానికి చిన్న వాల్వో, గొంతుకు ఆనించే యంత్రమో. అలాంటి ఒకాయన హైదరాబాదు ఆసుపత్రి వరండాలో రంధ్రం మీద వేలు పెట్టి బావతో మాట్లాడాడు. "నీదెన్ని రోజులైంది గొంతు పోయి?" అని. బావ ఏడు నెలలన్నాడు. ఆయన రెండు వేళ్లు చూపించాడు. రెండేళ్లు.

ఈ ఏడాది ఆగస్టులో బావ ఫోన్ చేశాడు. ఆయన ఫోన్ అంటే మేం చుట్టుపక్కల టీవీ ఆపేసి వినాలి. యార్డులో ఒక హమాలీకి నెల నుంచి గొంతు రావడం లేదట. "మిర్చి అంటున్నడు బామ్మర్దీ. ఆగస్టుల మిర్చి ఎక్కడిది? యార్డుల గింజ లేదు" అన్నాడు. మర్నాడు ఆయనే ఆటోలో ఎక్కించుకుని హనుమకొండ తీసుకొచ్చాడు. నేనూ వెళ్లాను. కెమెరా పెట్టి చూశారు. తంత్రుల మీద వాపు, చిన్న బుడిపెలు, అంతే. కేకలు తగ్గించమని, బీడీ మానమని చెప్పి మందులు రాశారు. బయటికొచ్చాక హమాలీ బీడీ తీయబోతే బావ దాన్ని లాక్కుని కాలువలో పడేశాడు. ఫీజు పైసలు కూలిలో కోసుకుంటానని ఆటోలో పొడుగూతా ఆ సగం గొంతుతోనే తిడుతూ పోయాడు.